1945 తర్వాత జర్మన్లను వెళ్లగొట్టడం గురించి అక్కడి జనం ఏమనుకుంటారు?

మీ ప్రశ్నని కుదించి చెబితే ఇదీ సంగతి. మీరు ఐటీ ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నోకి వెళ్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియా, పోలండ్‌ల నుంచి జర్మన్ పౌరులను లక్షల సంఖ్యలో వెళ్లగొట్టారని చదివారు. ఇప్పుడు అక్కడి మామూలు జనం దాన్ని తప్పనుకుంటారా, లేక "హిట్లర్‌కి జేజేలు కొట్టారు, అనుభవించారు" అనుకుంటారా, కొత్త కొలీగ్స్ దగ్గర ఈ మాట ఎత్తొచ్చా అని అడిగారు.

నేను ఆ ఊళ్లోనే చాలా ఏళ్లుగా ఉంటూ మధ్య ఐరోపా చరిత్ర పాఠాలు చెబుతున్నాను. ఇదే ప్రశ్న క్లాసులోనూ వస్తుంది, ఇండియా నుంచి వచ్చే పిల్లలైతే తప్పకుండా అడుగుతారు. రెండూ అనుకునేవాళ్లున్నారు, వయసుని బట్టి, ఊరుని బట్టి. కానీ ఎవరు ఎటు మొగ్గుతారో తేల్చేది వాళ్లకి చరిత్ర ఎంత తెలుసన్నది కాదని నా అభిప్రాయం. "తప్పే అని ఒప్పుకుంటే రేపు మా ఇల్లు అడుగుతారా?" అన్న భయం ఎంత ఉందన్నదే తేలుస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా గొడవలన్నీ అర్థమవుతాయి.

ముందు సంగతి ఎంత పెద్దదో చెప్పాలి. రష్యన్ సైన్యం వస్తోందని ముందే పారిపోయినవాళ్లనీ, తర్వాత గెంటేసినవాళ్లనీ కలిపితే తూర్పు, మధ్య ఐరోపాలో దాదాపు 1.2 కోట్ల మంది జర్మన్లు ఊళ్లు వదిలారు. అందులో చెకోస్లొవేకియా వాటా 30 లక్షల దాకా. వీళ్లు యుద్ధంలో వచ్చిన వలసదారులు కారు. సరిహద్దు కొండల వెంట వందల ఏళ్లుగా ఉంటున్న రైతులు, గాజు పనివాళ్లు, నేతవాళ్లు. సుదేటన్ జర్మన్లు అంటారు.

చెక్‌ల కడుపు మంటకి కారణాలు లేకపోలేదు. చెక్ సరిహద్దు ప్రాంతాన్ని హిట్లర్‌కి అప్పగించిన 1938 మ్యూనిక్ ఒప్పందానికి ముందు, సుదేటన్ జర్మన్ల నాయకుడు కొన్రాడ్ హెన్లైన్ పార్టీ హిట్లర్ పాట పాడింది, సుదేటన్ ఓటర్లలో అత్యధికులు ఆ పార్టీ వెంటే నిలిచారు. ఆ ఏడాది సరిహద్దు ప్రాంతం జర్మనీకి పోగానే లక్షకు పైగా చెక్‌లు అక్కడి నుంచి మూటాముల్లె సర్దుకుని లోపలికి రావాల్సి వచ్చింది. 1939 మార్చి 15న మిగతా దేశం కూడా పోయింది. 1942లో అక్కడి నాజీ పాలకుడు హైడ్రిక్‌ని చంపినందుకు ప్రతీకారంగా లిడిత్సె ఊళ్లో ఒకే రోజు 173 మంది మగవాళ్లను కాల్చేసి, ఆడవాళ్లను క్యాంపుకి పంపి, పిల్లల్లో ఎక్కువమందిని గ్యాస్‌తో చంపి, ఊరిని నేలమట్టం చేశారు. ఆరేళ్లు ఇలా గడిచిన జనం 1945 మే నెలలో ఏ మూడ్‌లో ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు. కమ్యూనిస్టుల నుంచి క్యాథలిక్ పార్టీ దాకా "జర్మన్లు వెళ్లాల్సిందే" అన్నదాంట్లో తేడా లేదు. అధ్యక్షుడు ఎద్వర్ద్ బెనెష్ మే 12న బ్ర్నోకి వచ్చి జర్మన్ సమస్యని తుదముట్టించాలని ప్రసంగించాడు.

మూడు వారాలు తిరక్కముందే, మే 30 రాత్రి, బ్ర్నో జర్మన్లను వీధుల్లోకి రమ్మన్నారు. పనికొచ్చే వయసు మగవాళ్లు అప్పటికే లేబర్ క్యాంపుల్లోనో, యుద్ధఖైదీలుగానో ఉన్నారు. కాబట్టి బయటికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పసిపిల్లలు, ముసలివాళ్లు. ఇరవై వేలకు పైగా జనం. చేతిలో పట్టినంత సామానుతో ఆస్ట్రియా వైపు నడిపించారు. ఊళ్లోని ఆయుధాల ఫ్యాక్టరీ కార్మికులు కూడా తుపాకులతో కాపలా నడిచారు. సరిహద్దు దగ్గర ఆస్ట్రియా వైపు చాలామందిని రానివ్వలేదు. బ్ర్నోకి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న పొహోర్జెలిత్సె అనే చిన్న ఊళ్లో, షెడ్లలో వేల మంది వారాల తరబడి చిక్కుకుపోయారు. అక్కడ చంపింది ఎక్కువగా తూటా కాదు, రక్త విరేచనాలు. ఊరి బయట రోడ్డు పక్కన సామూహిక సమాధి ఉంది, 890 మంది అని శిలువ దగ్గర రాసి ఉంటుంది. దారి పొడవునా, సరిహద్దు అవతలా పోయినవాళ్లని కలిపితే మొత్తం ఎంతమందన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగలేదు. 1,700 అనేవాళ్లున్నారు, 5,000 పైన అనేవాళ్లున్నారు.

ఇలాంటివి ఇంకా జరిగాయి. పోస్తోలోపర్తీలో 1947లో పార్లమెంటు కమిషన్ తవ్విస్తే 763 శవాలు బయటపడ్డాయి. ఊస్తీ నాద్ లాబెమ్‌లో 1945 జులై 31న ఆయుధ డిపో పేలి దాదాపు ముప్పై మంది చనిపోతే, విచారణ లేకుండానే నింద జర్మన్ల మీద పడింది. అప్పట్లో జర్మన్లంతా చేతికి తెల్ల పట్టీ కట్టుకోవాలి, అందుకని గుర్తుపట్టడం తేలిక. వంతెన మీద దొరికినవాళ్లని దొరికినట్టే కొట్టి ఎల్బ నదిలో పడేశారు. మృతులు 40 నుంచి 100 మధ్య అని ఇప్పటి అంచనా. 1930 జనాభా లెక్కల్లో "జర్మన్" అని రాయించుకున్న యూదులు కూడా, నాజీ క్యాంపుల నుంచి బతికి వచ్చాక, మళ్లీ చేతికి పట్టీ కట్టుకోవాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. అంతకన్నా దారుణం ఏముంటుంది!

ఊస్తీ ఘటన జరిగిన రెండు రోజులకే, ఆగస్టు 2న, పోట్స్‌డామ్‌లో గెలిచిన మూడు పెద్ద దేశాలు (అమెరికా, బ్రిటన్, రష్యా) జర్మన్ల తరలింపుకి ఒప్పుకుంటూ అది "క్రమబద్ధంగా, మానవత్వంతో" జరగాలని రాశాయి. ఆ తర్వాత 1946లో పద్ధతి ప్రకారమే సాగింది: మనిషికి 50 కిలోల సామాను, గూడ్సు పెట్టెకి 30 మంది, రైలుకి 1,200 మంది. ఆ ఒక్క ఏడాదే ఇరవై లక్షలకు పైగా వెళ్లారు. అంతకుముందు జరిగిన దౌర్జన్యాలకి 1946 మే నెలలో చట్టం చేసి, 1945 అక్టోబర్ 28 దాకా "న్యాయమైన ప్రతీకారం"గా చేసినవాటికి శిక్ష ఉండదన్నారు. ఆ చట్టం ఇప్పటికీ రద్దు కాలేదు. బెనెష్ డిక్రీలని (జర్మన్ల ఆస్తులు, పౌరసత్వం తీసేసిన ఉత్తర్వులు) ఒకే ముద్దగా తిట్టేవాళ్లు చాలామంది నిజానికి ఈ చట్టం గురించే మాట్లాడుతుంటారు, వాళ్లకే తెలియకుండా.

గెలిచిన దేశాల జనం ఏమనుకున్నారు? బ్రిటన్‌లో, అమెరికాలో మొదట పెద్దగా పట్టించుకోలేదు. చర్చిల్ 1944 డిసెంబర్‌లో పార్లమెంటులో, జనాలు కలగాపులగంగా ఉండడమే గొడవలకి మూలమని, వెళ్లగొట్టడమే శాశ్వతమైన దారి అని వాదించాడు. అదే మనిషి 1946 మార్చిలో అమెరికాలోని ఫుల్టన్‌కి వెళ్లి, లక్షల మంది జర్మన్లను ఊహకందని స్థాయిలో తరిమేస్తున్నారని రష్యాని, పోలండ్‌ని తప్పుపట్టాడు. పదిహేను నెలల్లో అభిప్రాయం ఇంత తిరిగింది, ఎందుకంటే శత్రువు మారాడు. ఇక న్యూరెంబర్గ్‌లో నాజీలపై మోపిన నేరాల్లో పౌరులను బలవంతంగా తరలించడం కూడా ఒకటి. ఆ విచారణ నడుస్తున్న నెలల్లోనే ఈ రైళ్లూ నడుస్తున్నాయి. గురివింద గింజ సామెత గుర్తొస్తుంది. ఎదురు మాట్లాడినవాళ్లు లేకపోలేదు. లండన్‌లో విక్టర్ గొలాంజ్ అనే పబ్లిషర్, తాను యూదుడై ఉండి కూడా, జర్మన్ పిల్లల ఆకలి గురించి పెద్ద ఉద్యమమే నడిపాడు. బెర్ట్రండ్ రసెల్ పత్రికలకి ఉత్తరాలు రాశాడు. కానీ వాళ్లు కొద్దిమందే.

ఇప్పుడు ఇళ్ల సంగతికి వద్దాం.

ముప్పై లక్షల మంది వెళ్లిపోతే వెనక ఏం మిగులుతుంది? పొలాలు, పశువులు, పియానోలు, దుప్పట్లతో సహా ఇళ్లు. మొదట వచ్చినవాళ్లని చెక్ జనమే "బంగారం తవ్వుకునేవాళ్లు" అని పిలిచారు. రైల్లో వచ్చి, మంచి ఇల్లు చూసుకుని, ఉన్నది ఊడ్చుకుని పక్క ఊరికి పోయే రకం. వాళ్ల తర్వాత భూమి లేని కూలీలు, స్లొవేకియా నుంచి వచ్చినవాళ్లు, విదేశాల నుంచి తిరిగొచ్చిన చెక్ కుటుంబాలు, రోమా కుటుంబాలు వచ్చి స్థిరపడ్డారు. ఈ పంపకం చేసిన వ్యవసాయ శాఖ కమ్యూనిస్టుల చేతిలో ఉంది. 1946 మే ఎన్నికల్లో చెక్ ప్రాంతంలో ఆ పార్టీకి నూటికి 40 ఓట్లు వచ్చాయి, సరిహద్దు జిల్లాల్లో ఇంకా ఎక్కువ. పట్టా ఇచ్చిన చేతికే ఓటు, ఇందులో ఆశ్చర్యం ఏముంది! "జర్మన్లు తిరిగొస్తే మిమ్మల్ని కాపాడేది మాస్కో ఒక్కటే" అన్న మాట నలభై ఏళ్లు అరిగిపోకుండా పనిచేసింది.

అప్పుడే అడ్డుపడిన చెక్‌లు కూడా ఉన్నారని మాత్రం మరిచిపోకూడదు. మీ కొలీగ్స్‌లో చాలామందికీ ఇది సరిగా తెలియదు. ఫెర్దినాంద్ పెరౌట్కా సంపాదకత్వంలోని వారపత్రికలో మిఖల్ మరెష్ అనే విలేకరి 1946లోనే సరిహద్దులో జరుగుతున్న దోపిడీని, హత్యలని రాశాడు. కమ్యూనిస్టులు అధికారానికి వచ్చాక జైలుపాలయ్యాడు. ప్షెమిస్ల్ పిట్టర్ అనే సమాజ సేవకుడు ప్రాగ్ చుట్టుపక్కల కోటల్లో, నాజీ క్యాంపుల నుంచి బయటపడ్డ యూదు పిల్లలని, చెక్ క్యాంపుల్లో మాడుతున్న జర్మన్ పిల్లలని ఒకే కప్పు కింద పెట్టి సాకాడు. 1978లో యాన్ మ్లినారిక్ అనే స్లొవాక్ చరిత్రకారుడు మారుపేరుతో వెళ్లగొట్టడాన్ని ఖండిస్తూ వ్యాసం రాస్తే, ప్రభుత్వం సంగతి సరే, తోటి అసమ్మతివాదులే రెండుగా చీలి కొట్టుకున్నారు.

1989లో కమ్యూనిజం కూలింది. డిసెంబర్‌లో, అధ్యక్షుడు కావడానికి కొద్ది రోజుల ముందు, అసమ్మతివాదుల నాయకుడు వాట్స్లావ్ హావెల్ "జర్మన్లకి మనం క్షమాపణ చెప్పాలి" అన్నాడు. దేశమంతా దేవుడిలా చూస్తున్న రోజుల్లో అన్నాడు. అయినా జనం ఊరుకోలేదు. ఉత్తరాలు వెల్లువెత్తాయి, ఊరేగింపులు తీశారు, సొంత అనుచరులే నొచ్చుకున్నారు. ఇలా ఎందుకైందో ఆ తర్వాత వచ్చిన చట్టం చూస్తే తెలుస్తుంది. 1991లో కమ్యూనిస్టులు లాక్కున్న ఆస్తులు వెనక్కి ఇచ్చే చట్టం చేస్తూ, కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్న 1948 ఫిబ్రవరి 25 తర్వాత పోయినవాటికే వర్తిస్తుందని గీత గీశారు. అంటే జర్మన్ల ఇల్లు, పొలం ఏదీ అందులోకి రాదు. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు. సరిహద్దులో ఉన్న ప్రతి ఇంటివాడికీ అదే భరోసా.

ఈ భయం రాజకీయ నాయకులకి పంటలాంటిది. 2009లో అధ్యక్షుడు వాట్స్లావ్ క్లౌస్ ఐరోపా యూనియన్ లిస్బన్ ఒప్పందం మీద సంతకం పెట్టడానికి మొరాయించి, సుదేటన్ వారసులు ఆస్తుల కోసం కేసులు వేస్తారని చెప్పి మినహాయింపు అడిగాడు. 2013 అధ్యక్ష ఎన్నికలు ఇంకా ఘాటు. చివరి రౌండులో టీవీ డిబేట్‌లో అభ్యర్థి కారెల్ ష్వార్జెన్‌బెర్గ్ నిజాయితీగా ఒక మాటన్నాడు: 1945లో చేసింది ఇప్పటి లెక్కన తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘన, నాటి ప్రభుత్వం, బెనెష్‌తో సహా, హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టులో ముద్దాయిగా నిలబడేది అని. ప్రత్యర్థి మిలోష్ జెమాన్ వెంటనే అందుకుని, ఈయన సుదేటన్ వాడిలా మాట్లాడుతున్నాడన్నాడు. మొదటి రౌండులో ఇద్దరికీ ఒక శాతం కూడా తేడా లేదు. రెండో రౌండులో జెమాన్ 54.8 శాతంతో గెలిచాడు. ఆ ఒక్క మాటే ఓడించిందని నేను అనను, పన్నుల మీద, అప్పటి ప్రభుత్వం మీద కోపం కూడా ఉంది. కానీ ఆ పది రోజులూ దేశమంతా ఇదే టెన్షన్.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2010లో చెక్ ప్రభుత్వ టీవీ ఒక పాత ఫిల్మ్ ముక్క చూపించింది. యుద్ధం ముగిసిన మే నెలలో ప్రాగ్ శివార్లలో ఒక అమెచ్యూర్ తీసినది. రోడ్డు పక్క వరసగా నిలబెట్టిన జర్మన్లను కాల్చడం, కింద పడ్డవాళ్ల మీదుగా లారీ పోవడం. ప్రైమ్ టైమ్‌లో, ఇంటిల్లిపాదీ చూశారు. తిట్టినవాళ్లు ఉన్నారు, కానీ "ఇది మాకెందుకు దాచారు" అన్నవాళ్లే నాకు ఎక్కువగా కనపడ్డారు. ఊస్తీ వంతెన మీద 2005లో చిన్న ఫలకం పెట్టారు. "1945 జులై 31 హింసలో బలైనవారి స్మృతికి" అని రెండు భాషల్లో ఉంటుంది. బలైనవాళ్లు ఎవరో, చంపింది ఎవరో ఎక్కడా లేదు. వంతెన పేరేమో ఎద్వర్ద్ బెనెష్ వంతెన. అటు ఒప్పుకున్నట్టూ ఉండాలి, ఇటు ఏమీ ఒప్పుకోనట్టూ ఉండాలి. చెక్ మధ్యతరగతి మనసుని అంత తక్కువ మాటల్లో పట్టినది ఇంకోటి నేను చూడలేదు.

2015లో రెండు పనులు జరిగాయి. మ్యూనిక్‌లో ఉండే సుదేటన్ జర్మన్ల సంఘం తమ నియమావళిలోంచి సొంతగడ్డని, ఆస్తులని తిరిగి పొందాలన్న లక్ష్యాన్ని తీసేయాలని నిర్ణయించింది. అదే ఏడాది మే నెలలో బ్ర్నో నగర మండలి, 1945 నడకకి మనస్ఫూర్తిగా విచారిస్తున్నామని తీర్మానించింది. ఒకటి చూసి ఇంకొకటి చేశారని కాదు. కానీ "ఇల్లు అడుగుతారు" అన్న మాటకి పస తగ్గాకే సారీ చెప్పడం తేలికైంది. సర్వేల్లో కూడా 90లలో "న్యాయమే" అన్నవాళ్ల వాటా పెద్దది, తర్వాత్తర్వాత తగ్గుతూ వచ్చింది. ముఖ్యంగా కుర్రకారులో.

పోలండ్ కథ వేరు. వెళ్లగొట్టినవాళ్లే అక్కడ వెళ్లగొట్టించుకున్నవాళ్లు కూడా. స్టాలిన్ పోలండ్ తూర్పు భాగాన్ని లాక్కుని పడమర జర్మన్ భూమిని ఇచ్చాడు. ల్వూఫ్ (ఇప్పటి ల్వివ్) నుంచి వచ్చిన పోలిష్ కుటుంబం బ్రెస్లావ్‌లో జర్మన్ ఇంట్లో దిగేసరికి, ఆ ఇంటావిడ ఇంకా వంటింట్లోనే ఉండేది. కొన్ని నెలలు ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండుకున్న ఇళ్లున్నాయి. బ్రెస్లావ్ పేరు వ్రోత్స్వాఫ్ అయింది. ఇల్లు దొరికినా చాలామంది ఏళ్ల తరబడి సూట్‌కేసులు విప్పలేదు, కప్పు కారుతున్నా బాగుచేయించలేదు, మళ్లీ జర్మన్లు వస్తే ఎలాగని. 1965లో పోలిష్ బిషప్పులు జర్మన్ బిషప్పులకి "క్షమిస్తున్నాం, క్షమించమని అడుగుతున్నాం" అని ఉత్తరం రాశారు. దాన్ని రాసినవాళ్లలో ముఖ్యుడు వ్రోత్స్వాఫ్ ఆర్చ్‌బిషప్ బొలెస్వాఫ్ కొమినెక్. ప్రభుత్వం విరుచుకుపడింది సరే, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే జనం కూడా "మేమెందుకు క్షమాపణ అడగాలి" అని గింజుకున్నారు. 1990 నవంబర్‌లో సరిహద్దు ఒప్పందం కుదిరాకే గుండె కాస్త కుదుటపడింది. 2000 తర్వాత జర్మనీ నాయకురాలు ఎరికా స్టైన్‌బాఖ్ బెర్లిన్‌లో వెళ్లగొట్టబడిన జర్మన్ల స్మారక కేంద్రం కట్టాలనడం, ఇంకో బృందం ఆస్తుల కోసం యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెక్కడం మళ్లీ చిచ్చు రేపాయి. 2008లో కోర్టు ఆ పిటిషన్ని విచారణకే తీసుకోలేదు. ఆ తర్వాత వేడి తగ్గింది.

హంగరీది చిన్న మాట: అక్కడి పార్లమెంటు మాత్రం జనవరి 19ని వెళ్లగొట్టిన జర్మన్ల స్మృతిదినంగా ప్రకటించింది. 1946లో మొదటి రైలు బయల్దేరిన రోజు అది. అక్కడ వెళ్లినవాళ్లు రెండు లక్షల లోపు, పక్కన జర్మన్ సరిహద్దూ లేదు. భయం లేని చోట విచారం ఎంత తేలికో చూడండి.

మరి జర్మనీలో? సొంతవాళ్లని గుండెకి హత్తుకున్నారనుకుంటే పొరపాటే. వచ్చినవాళ్లని "పోలాక్‌లు" (పోలండ్ వాళ్లని హీనంగా పిలిచే మాట) అని తిట్టారు. అడవిపందులు, బంగాళాదుంప పురుగులు, శరణార్థులు, ఈ మూడే ఈ నేలకి పట్టిన పీడలు అని పల్లెల్లో జోకులేసుకున్నారు. 1952లో చట్టం చేసి, యుద్ధంలో ఆస్తి మిగిలినవాళ్ల మీద సగం విలువ దాకా లెవీ వేసి, ముప్పై ఏళ్ల వాయిదాల్లో వసూలు చేసి నష్టపోయినవాళ్లకి ఇచ్చారు. తూర్పు జర్మనీలో అయితే అసలు తరిమారని చెప్పుకునే వీలే లేదు, తరిమింది సోదర సోషలిస్టు దేశాలు కదా. పడమరలో అరవైల చివరి నుంచి, ఈ గోడు వినిపించేవాడంటే రైట్‌వింగ్ మనిషి అన్న ముద్ర పడింది. 1985 మే 8న పశ్చిమ జర్మనీ అధ్యక్షుడు వైత్సెకర్ పార్లమెంటులో, ఈ వెళ్లగొట్టడానికి మూలం యుద్ధం ముగియడంలో కాదు, మొదలవడంలో, హిట్లర్ గద్దెనెక్కిన 1933లో వెతకాలన్నాడు. చాలామంది జర్మన్లు ఇప్పుడు నిలబడేది ఆ మాట మీదే.

ఒక్క జాగ్రత్త. ఇంటర్నెట్‌లో "20 లక్షల జర్మన్లు చచ్చారు" అన్న అంకె తెగ తిరుగుతుంటుంది. అది 1958లో పశ్చిమ జర్మనీ, లెక్క తేలని మనుషులు ఎంతమందో అంచనా కట్టి చెప్పినది, ఆచూకీ లేనివాళ్లంతా అందులో కలిసిపోయారు. ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది ఐదారు లక్షల దగ్గర ఆగుతారు. చెక్ ప్రాంతానికి సంబంధించి, రెండు దేశాల చరిత్రకారుల ఉమ్మడి కమిషన్ 15,000 నుంచి 30,000 అని చెప్పింది. పెద్ద అంకె పట్టుకుని మాట్లాడితే మీరు ఎవరి పక్షమో ఎదుటివాళ్లు వెంటనే తేల్చేసుకుంటారు.

ఇక మీ చివరి ప్రశ్న. బ్ర్నోలో కొలీగ్స్‌తో మాట్లాడొచ్చు, బెరుకు అక్కర్లేదు. ఆ ఊరివాళ్లు ఈ విషయంలో ప్రాగ్ వాళ్ల కన్నా ముందున్నారని గర్వపడతారు కూడా. "మీ తాతగారు వాళ్లు ఏ ఊరు?" అని మొదలుపెట్టండి, చెప్పాలనుకుంటే మిగతాది వాళ్లే చెబుతారు. లిబెరెత్స్, ఖెబ్, ఊస్తీ లాంటి సరిహద్దు ఊళ్లకి వీకెండ్ వెళ్తే మాత్రం ఎవరింట్లోనైనా భోంచేస్తూ "ఈ ఇల్లు ముందు ఎవరిది?" అని అడగకండి. పెద్దవాళ్లెవరైనా లిడిత్సె పేరెత్తితే వినండి, తిరిగి పొహోర్జెలిత్సె అంకెలు చెప్పి పోటీ పెట్టకండి. నిజంగా ఆసక్తి ఉంటే ఏటా మే చివర్లోనో జూన్ మొదట్లోనో జరిగే నడకకి వెళ్లండి. అప్పటి దారినే తిరగేసి, పొహోర్జెలిత్సెలో బయల్దేరి బ్ర్నోకి వస్తారు, చెక్‌లు, జర్మన్లు, ఆస్ట్రియన్లు కలిసి. ఎవరైనా రావచ్చు. ముప్పై కిలోమీటర్లు దాటుతుంది, ఎండ ఉంటుంది, కాబట్టి నీళ్ల సీసా, అలవాటైన బూట్లు తప్పనిసరి.